పేరుకి అద్దె

ఆశీల్‌మెట్టలో ఫొటో స్టూడియో మీద
పదడుగుల గది నాది.
పేర్లు వెతికి కొనిపెట్టడం నా పని,
చీరల కొట్లకి, కోచింగ్ సెంటర్లకి,
ఓసారి పెళ్లి బ్యాండు వాళ్లకి కూడా.

తెడ్డు పరసమ్మ మెట్లెక్కకముందే
ఆమె సరుకు వాసన ఎక్కింది.
పెదజాలరిపేట ఇసకలో ఎండిన నెత్తళ్లు
మచ్చుకని పేపర్లో చుట్టి తెచ్చి
నా కీబోర్డు పక్కన పెట్టింది.
"నెట్టులో అమ్ముతాను బావూ.
ఓ మంచి పేరు సూడు."

ఎండుచేప అని కొట్టాను.
ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగగానే
మొదటి మూడక్షరాలూ 'సమాప్తం' అన్నాయి.
గల్లాపెట్టె తెరవకముందే శుభం కార్డు.
నెత్తళ్లు అంటే,
తకి ఒత్తు ఇంకో టీయా, లేక హెచ్చా?
ళకి ఆ ఇరవయ్యారింటిలో చోటే లేదు.
వల బాగుంది, నాలుగే అక్షరాలు,
ఎవడో ఎప్పుడో కొని, వాడకుండా,
తొమ్మిది లక్షలు రాసి కూర్చున్నాడు.
"నీల్లల్లో ఎయ్యని వలకి
తొమ్మిది లచ్చలా?" అంది.
తెడ్డు అని ఇంటిపేరే పెడదామంటే
టీ తెచ్చిన లోవరాజు
"టెడ్డీ బేర్లు అమ్ముతారా అక్కా?" అన్నాడు.

అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పాను:
పొట్టిగా ఉండాలి, మధ్యలో గీతలొద్దు,
ఫోన్లో ఒక్కసారి అంటే చాలు,
అవతలివాడు తిరిగి అడక్కుండా రాసుకోవాలి.
ఆ చివరిది విని తలూపింది.
"అదీ మాట.
పడవ మీద పేరు సదవడానికి కాదు బావూ,
మంచులో ఒడ్డు కనపడనప్పుడు
గాలికెదురు అరిసి పిలవడానికి."

మరి వీధిలో నువ్వేమని పిలుస్తావు?
అడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
ఇరవై రెండేళ్లు ఎంవీపీ కాలనీలో తట్ట మోసింది.
ఓ మేడ మీంచి ఓ టీచరమ్మ
"సే కాదమ్మా, చే అనాలి" అని దిద్దిందట.
ఆనాటి నుంచీ ఆ సెక్టార్లో
అరవడం మానేసి తలుపులు కొడుతోంది.

"అరు" అన్నాను.
"ఇక్కడా?"
"ఇక్కడే."

లేచింది. బాల్కనీ ఊచ పట్టుకుంది.
కింద ఇరవై ఎనిమిదో నంబరు బస్సు
హారన్ మోగిస్తూనే ఉంది.

"సేపలోయ్..."

నా వేళ్లు, సిగ్గులేనివి,
చే అనే కొట్టాయి.
దొరకలేదు. చేతో మొదలయ్యేవేవీ దొరకలేదు,
శుద్ధంగా మాట్లాడేవాళ్లంతా
ముందే వచ్చి కొనుక్కుపోయారు.
చెరిపేసి, ఆమె అన్నది అన్నట్టే కొట్టాను.
ఖాళీ.
ఇన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేకపోయిన ఆ సే
తెర మీద పచ్చగా మెరుస్తోంది.

లోవరాజుకి ఫోన్ చేశాను, టీ కొట్టుకి.
అమ్మ అంటుంది, విని టైపు చేసి పంపరా.
ఏడక్షరాలు. తప్పు లేదు.
అక్క అంటాడనుకున్నా,
"ఇది మా అమ్మమ్మ గొంతులా ఉందన్నా" అన్నాడు.

డబ్బు కట్టే దగ్గర మాత్రం పేచీ.
"ఏటేటా కట్టాలా? పేరుకి అద్దేటి?
మా అయ్య పెట్టిన పేరుకి
నానెవులికీ పైసా కట్నేదే!"
కట్టకపోతే ఇంకొకడు ఎత్తుకుపోతాడన్నాను.
కాసేపు ఆలోచించింది.
"పడవకీ అంతేలే. ఏటా రంగెయ్యకపోతే
పేరు ఉప్పు తినేస్తది."
నడుము సంచీలోంచి నోట్లు తీసి
ఒక్కోటి తడి ఆరేసినట్టు బల్ల మీద పరిచింది.
నా సొరుగు ఇప్పటికీ సముద్రం వాసనే.

మెట్లు దిగింది. రోడ్డు మీద నిలబడి
పేరు తనదో కాదో చూసుకోవాలనిపించిందేమో,
ఇంకోసారి, ఈసారి పూర్తి గొంతుతో.

ఎదురు అపార్టుమెంటు మూడో అంతస్తులో
కిటికీ తెరుచుకుంది:
"ఏమ్మా, నెత్తళ్లున్నాయా?"

పరసమ్మ పైకి చూసింది.
మచ్చుకి తెచ్చిన పొట్లం
నా కీబోర్డు పక్కనే ఉంది.