నిచ్చెన లేని జూన్

జూన్ మొదటివారంలో వెళ్ళింది మా నిచ్చెన,
ఊరి లైబ్రరీకి రంగులేయాలని.
వెంట ఐవర్ కూడా వెళ్ళాడనుకోండి,
అతను భోజనానికైనా వస్తాడు.

"చెర్రీలన్నీ పైకొమ్మలకే," అంది అత్తగారు లైనే,
గుమ్మంలో బఠాణీలు ఒలుస్తూ.
"పిట్టలకి నిచ్చెన అక్కర్లేదు మరి."

లైబ్రరీ అయ్యాక హెల్డూర్ తాత పొగగొట్టం,
ఆనక బస్టాపు కప్పు,
ఆపైన ఎవరిదో పిల్లి, చెట్టెక్కి దిగనంది.
ఈ సారెమా దీవిలో సగం మందికి
దాని ఎన్నో మెట్టు కిర్రుమంటుందో తెలుసు.

మిర్తె నా భుజాలమీద నిలబడి
అందినన్ని కోసింది, సగం తింది.
నా జుట్టంతా రసం.

నిన్న రాత్రి పదకొండింటికి, ఇంకా చీకటి పడలేదు,
ఇద్దరు మోసుకొచ్చారు దాన్ని.
ఒళ్ళంతా నీలి చుక్కలు.
నాలుగో మెట్టుకి కొత్త కర్ర,
ఎవరు వేశారో చెప్పలేదు.

ముందు ఎక్కింది లైనే.
ఎనభై ఒకటి. చెప్పులు విడిచి మరీ.
నాలుగో మెట్టుమీద ఆగి, ఒకసారి తొక్కి చూసింది.
చప్పుడు లేదు.

పైన పిట్టలు వదిలినవి పదమూడు.
పది మా గిన్నెలో వేసి,
మూడు పొగగొట్టం తాతకని
ఏప్రన్ జేబులో దాచుకుంది.