మూడో చుట్టు

శాన్ ఫెర్నాండో, పంపాంగా. డిసెంబరు.
ఇక్కడ చలికాలమంటే
చొక్కా కాస్త ఆలస్యంగా తడుస్తుంది, అంతే.
రేకుల షెడ్డులో ఇరవై అడుగుల లాంతరు
ఇంకా కళ్లు తెరవని జంతువులా నిలబడి ఉంది.

దాని వెనక ఇనప పీపా.
ముప్పై ఏడేళ్లుగా దాన్ని తిప్పింది టెలెస్ఫోరో తాత,
నాకే కాదు, వీధి మొత్తానికి తాత.
పీపా ఒళ్లంతా టేపు ముక్కలు,
మీద వరసగా ఆనిన తలపిన్నులు.
టేపు అడ్డొస్తే చీకటి, ఇనుము తగిలితే వెలుగు.
ఆయనకి వచ్చిన లిపి అదొక్కటే.

నా దగ్గర అరచేతిలో పట్టే బోర్డు,
ఐదేసి మీటర్ల దీపాల చుట్టలు పద్నాలుగు,
టంకం పొగకి మండే కళ్లు.
మొదటిరోజు ఎరుపు అడిగితే పచ్చ వెలిగింది.
వీటి అక్షరమాలలో పచ్చే ముందట.
ఆ సంగతి తెలిసేసరికి తెల్లారింది.

చుట్ట చివరికి పోయేకొద్దీ
తెలుపు పసుపై, పసుపు ఇటుకరంగై నీరసించింది,
పంక్తి కొసన కూర్చున్నవాడికి పప్పు నీళ్లయినట్టు.
రెండో కొస నుంచి కూడా కరెంటు వడ్డించాను.

మాట మాత్రం ఒక్క తీగ మీదే వస్తుంది.
మొదటి దీపం తన మూడు ముద్దలు తీసుకుని
మిగిలిన విస్తరి పక్కకి జరుపుతుంది.
అది తన మూడు. ఆ పక్కది తన మూడు.
రేపటికని దాచుకునే దీపం
ఇన్ని వేలలో ఒక్కటీ లేదు.

అయినా శనివారం రాత్రి
లాంతరంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది.
ప్రోగ్రాం నాలుగుసార్లు చదివాను. రెసిస్టర్ మార్చాను. తిట్టాను.
తాత పీపా పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు:
"నా బల్బులన్నీ తిరిగి తిరిగి ఈ ఒక్క కమ్మీకే ఇల్లు చేరతాయి.
నీవి ఎక్కడికి చేరతాయి?"

బోర్డుకి ఒక నేల, దీపాలకి ఇంకో నేల.
మధ్యన జానెడు నల్లతీగ మరిచాను.
నేల ఒకటి కాకపోతే
చెప్పిన మాట మాటలా చేరదు.

ఇక మిగిలింది వేగం.
జులైలోనే ఆయన పీపా తిప్పుతుంటే ఫోన్లో తీసుకున్నాను,
ఒక్కో బొమ్మా ఆపి లెక్కపెట్టాను.
మూడో చుట్టులో చెయ్యి పైకి లేచేటప్పుడు
కుడిభుజం పట్టేస్తుంది,
వెలుగు రెప్పపాటు నిలబడిపోతుంది.
ప్రతిసారీ.
బ్యాండు వాళ్ల బాకాలు కూడా
అక్కడే ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నాయి.

రాశాను:
మూడో చుట్టు. నూట డెబ్భై మిల్లీసెకన్లు. ఆగు.

లాంతరు కళ్లు తెరిచింది.
ఏం చెయ్యాలో తెలియని చేతుల్ని
నడుం వెనక కట్టుకుని తాత చాలాసేపు చూశాడు.
"బావుంది. ఆ మూడో చుట్టులోనే ఏదో నత్తి ఉంది.
పోటీలోపు సరిచెయ్యి" అన్నాడు.

సరేనన్నాను.
లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాను.