నలభై నంబరు నూనె

వారమంతా వైయాలా వీధుల్లో గుంతలు పూడుస్తాను.
వేడి తారు, కంకర, అరికాళ్ల కింద అదిరే రోలరు.
ఆదివారం చీకటితోనే లేచి
ఊరి చివర ఎర్రమట్టిలో
గుంతలు వెతుక్కుంటూ వెళతాను.
"అమ్మా, నీ జీతం గుంతల మీద యుద్ధం,
నీ సరదా వాటితో చుట్టరికం"
అంటుంది సుమేధ.

కారు మూరెడు కూడా ఉండదు.
పెట్టెతో వచ్చిన ప్లాస్టిక్ షాకులు
మూడు నెలలకే నూనె కార్చాయి,
జలుబు చేసిన పిల్లాడి ముక్కులా.
ఎగిరి దిగిన ప్రతిసారీ పొట్ట నేలకి కొట్టుకునేది.
ఆ టప్పుమనే చప్పుడు నా పళ్లలో తగిలేది.

అల్యూమినియంవి కొన్నాను, నాలుగు.
ధర ఇంట్లో చెప్పలేదు.
చెప్పాను, సగం.

వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి
నాలుగు గొట్టాలూ నిలబెట్టాం.
మొదటి పిన్నే ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది.
అరగంట, టార్చీ, చీపురుపుల్ల.

నూనెకి నంబర్లుంటాయి.
ముప్ఫై అంటే లేతపాకం.
నలభై తీగపాకం.
అరవై దాటితే ఇక అచ్చులో పొయ్యాల్సిన బెల్లమే.
ఫిబ్రవరి ఎండకి పలచబడుతుంది కదా అని
తెలివిగా యాభై పోశాను.

పిస్టన్‌ని మెల్లగా పైకి, మెల్లగా కిందికి.
బుడగలు లేచాయి,
ముందు ఆవగింజలంత, తర్వాత గసగసాలంత.
మూత పెట్టడానికి తొందరపడకూడదు.
నాకు తొందర ఒక్కటే తెలుసు,
తారు చల్లారేలోపు పరవాలి మరి.
ఇక్కడ చేతులు కట్టుకుని కూచోవాలి.

సుమేధ గడ్డం బల్లకి ఆనించి చూస్తోంది.
పదకొండేళ్లు. ఈ మధ్య తలుపేసుకుని ఉండే పిల్ల.
నేనేమీ అడగలేదు.
ఒక బుడగ లేచింది. ఇంకోటి.
"రిలే జట్టులోంచి నన్ను తీసేశారు" అంది, నూనెతో చెప్పినట్టు.
"ఊఁ" అన్నాను.
ఇంకో బుడగ.

ఆదివారం మొదటి మలుపు దాకా నేనే రాణిని.
తర్వాత గతుకుల వరస.
కారు వాటి మీద పరిగెత్తలేదు,
తొక్కుడుబిళ్ల ఆడింది,
గీత తొక్కింది,
మూడు పల్టీలు కొట్టి వెల్లకిలా
చక్రాలు ఆకాశంలో తిప్పుకుంటూ ఉండిపోయింది.

డోరీన్ ప్రిచర్డ్ మడతకుర్చీ లాక్కుని వచ్చింది.
ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి.
మెడలో గొలుసు, గొలుసుకి అలెన్ కీ.
కారుని జానెడు ఎత్తు నుంచి వదిలింది.
అది పడి, బిర్రబిగుసుకుని, నిలబడిపోయింది.
"దెబ్బ తగలకముందే భయపడుతోంది" అంది.
వెంటనే, "అబ్బే, దానికి భయమేంటి,
నూనె చిక్కనైంది, అంతే" అని
తనే దిద్దుకుంది.
నాకు ఆ దిద్దుబాటే నచ్చింది.

డేరా నీడలో యాభై పారబోసి నలభై పోశాం.
వెనక స్ప్రింగుల కాలర్లు రెండు చుట్లు వదులు.
మళ్లీ జానెడు ఎత్తు.
ఈసారి పడింది, కుంగింది,
కుంగిన చోటినుంచి నింపాదిగా లేచి
చేతులు రెండువైపులా సమంగా చాచి ఆగింది.
డోరీన్ ఏమీ అనలేదు. థర్మాస్ మూత తిప్పింది.

చివరి పందెం రిమోట్ సుమేధకిచ్చాను.
అవే గతుకులు.
కాళ్లు మాత్రమే పరిగెత్తాయి, ఒళ్లు కదల్లేదు,
నడుస్తున్న రైల్లో
నిండు టీ కప్పు మోసుకొచ్చే మనిషిలా.
పదకొండింట్లో ఆరో స్థానం.
ముక్కునిండా ఎర్రధూళి.
ఇంటికెళ్లే దారంతా అయిదోవాడి తప్పుల గురించే మాట్లాడింది.

వెనక ఎడమదాంట్లో ఒక బుడగ మిగిలిపోయింది.
నొక్కితే చుప్ అంటుంది.
విప్పి తీసేస్తానంటే వద్దంది.

రాత్రి తన తలుపు వారగా తెరిచి ఉంది.
చుప్.
కాసేపాగి, చుప్.

రేపు స్టేషన్ వెనక వీధిలో రెండు గుంతలు,
ఏడింటికల్లా అక్కడుండాలి.