కల్తీ

ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం నోటితో చేశాను.
ఎక్సైజు గార్డుని. రాజోలు స్టేషను.
తాటాకు డొప్పలో కల్లు పోయించుకుని
నాలిక మీద ఒక్క క్షణం ఆపి
పుస్తకంలో రాయాలి: కల్తీ ఉంది, కల్తీ లేదు.
రెండు మాటలకే గడి ఉండేది.

మొదటి వేసవిలో, కాలవగట్టు తోపులో
గుబ్బల తాతబ్బాయి మోకు విప్పుకుంటూ నవ్వాడు.
"నీళ్ళు కలిపితే పట్టేస్తారండి, ఆయ్.
మరి చెట్టు కలిపినవో?"

ఆ కల్లు తియ్యగా, బద్ధకంగా ఉంది,
మధ్యాన్నం నిద్దరలాగా.
ఎప్పుడో కాలవ తవ్విననాడు
అడుగునున్న ఒండ్రు తెచ్చి గట్టున పోశారట.
కూలీలు కాల్చుకు తిన్న తాటిపళ్ళ టెంకలు
ఆ మట్టిలో వాటంతటవే లేచాయట.
అందుకే అవి వరసగా ఉండవు,
వాళ్ళు కూచున్నచోటల్లా ఒక గుంపు.
ఏ గుంపుకా గుంపు
ఎవరిదో తిండివేళని తాగి పెరిగింది.

లంకలో వేరు.
ఏటా వరదొచ్చి పాత మట్టిని ఎత్తుకుపోయి
ఎవరిదో మట్టి పెట్టి పోతుంది.
అక్కడి కల్లు మాటమీద నిలబడదు.
ఒకేడు కందిపొట్టు వాసన, ఒకేడు తడి ఇనుము.
"ఈసారి భద్రాచలం అడివి కడుక్కొచ్చిందండి"
అనేది రేవు దగ్గర కల్లమ్మే మంగాయమ్మ,
లొట్టిలోకి చూడకుండానే.
నేను రాసుకున్నాను: కల్తీ లేదు.

గాలి సంగతి తాతబ్బాయి చెట్టుమీంచి చెప్పేవాడు,
గెల చెక్కుతూ, కత్తి ఆపకుండా.
"పైరగాలి తిరిగితే లొట్టి నిండుద్దండి.
పడమర వీస్తే చెట్టు చెయ్యి ముడుచుకుంటాది.
మబ్బేస్తే తొందరగా పులుస్తాది, మనిషిలాగే."

కేశనపల్లి దాటాక, సముద్రం ఒడ్డున
ఇసకదిబ్బల మీద చెట్లు పొట్టివి,
అన్నీ ఊరివైపే ఒరిగినవి.
లొట్టి అడుగున నాలుగు వేళ్ళు, అంతే కల్లు.
నోట్లో పోసుకుంటే
అప్పడగబోయినవాడికి చెప్పే జవాబులాగా
పొట్టిగా, ఉప్పగా.

తొంభై ఆరు తుఫానుకి కొబ్బరి పడిపోయింది.
తాటిచెట్టు నిలబడింది.
నిలబడ్డందుకు సముద్రాన్ని తాగవలసి వచ్చింది.
ఆ మాఘంలో ఎవరూ మాట్లాడకుండా తాగారు.
ఆ రుచి చెట్టు దిగడానికి నాలుగేళ్ళు పట్టింది.
దానికీ పుస్తకంలో గడి లేదు.

ఒకసారి పై అధికారి శాంపిలు పంపమన్నాడు.
సీసాకి లక్కముద్ర వేసి
ఒళ్ళో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాను.
రావులపాలెం వంతెన ఎక్కకముందే
లోపల పొంగొచ్చి బిరడా ఎగిరిపోయింది.
నా చొక్కా, పక్కావిడ పూలబుట్ట, కండక్టరు టిక్కెట్లు.
బస్సంతా కాలవగట్టు వాసన.
ఎవరూ తిట్టలేదు.
ఒక ముసలాయన కళ్ళు మూసుకుని
"ఇది అప్పనపల్లి వైపుది కాదు" అన్నాడు.
లేబరేటరీలో లక్కముక్క ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. నాలిక కాలేదు.
మొన్న తాతబ్బాయి కొడుకు పెద్దిరాజు
అదే తోపు కల్లు, స్టీలు గ్లాసులో తెచ్చాడు.
తండ్రి మోకే అతని భుజాన, కొత్త ముడులతో.
నోట్లో ఆపుకున్నాను.
మధ్యాన్నం నిద్దర ఉంది.
కూలీలు ఉన్నారు, కొంచెం దూరంగా జరిగి.
వాళ్ళ కింద ఉప్పు.

సముద్రం మైళ్ళ అవతల ఉంది. తుఫానూ రాలేదు.
పెద్దిరాజు గట్టు దిగువకి చూశాడు.
మొన్నమొన్నటి వరిచేలల్లో రొయ్యల చెరువులు,
రాత్రీ పగలూ నీళ్ళని కొడుతున్న చక్రాలు.
"ఏవన్నా కలిసిందాండి?" అన్నాడు.

గ్లాసులో ఓ గండుచీమ ఈదుతోంది.
జేబులో పెన్నుంది, పుస్తకం లేదు.
చీమని వేలితో తీసి గట్టుమీద వదిలి
మిగిలింది కూడా తాగాను.