నివురు

కురుమాన్ దాటాక రోడ్డు ఎర్రబడింది.
తాళంచెవి మెడలో వేసుకుని
దికెలెది మాకంటే ముందే వచ్చి కూచుంది
ప్లాస్టిక్ కుర్చీలో, స్వెటర్ అల్లుకుంటూ.
"చెప్పులొద్దు, బూట్లు వేసుకోండి. తేళ్లుంటాయి."
పది లక్షల ఏళ్ల గురించి
ఆమె చెప్పిన మొదటి మాట అది.

నాతోపాటు బడిపిల్లలు ఇరవైమంది.
వాళ్ల టీచరు తలలు లెక్కపెట్టి
మళ్లీ లెక్కపెట్టింది.

లోపల ముందుగా మేకల వాసన.
వందేళ్ల కిందట ఒక తెల్లరైతు బండి విప్పి
ఆలుబిడ్డలతో ఈ గుహలోనే కాపురం పెట్టాడట.
అదిగో, ఆ మూల ఎనిమిదో పిల్ల పుట్టింది.
"మంత్రసాని మా ముత్తవ్వ" అంది దికెలెది.
"కూలి ఒక గొర్రెపిల్ల. ఇస్తానన్నాడు."
టార్చి అటునుంచి తిప్పేసింది.

ఇంకా లోపలికి.
కప్పు నుంచి దారాలు వేలాడుతున్నాయి, గజానికొకటి,
నేలంతా గళ్ల నోటుబుక్కు.
తవ్వినవాళ్లు టీ చెంచాలతో తవ్వారు,
బ్రష్షులతో ఊడ్చారు,
వేసవి మొత్తానికి జానెడు లోతు.
గోతి గోడ మీద చారలు: ఎరుపు, పసుపు, మళ్లీ ఎరుపు,
నడుమ
గోరు మందాన ఒక బూడిద గీత.

ఇంతేనా, అన్నాను.
ఇంతే, అంది.

వృథా అయినదాన్ని నా భాషలో
బూడిదలో పోసిన పన్నీరంటారు.
ఇక్కడ బూడిదే నిలిచింది.
పన్నీరులాంటివన్నీ పోయాయి:
వాళ్లకి పేర్లుంటే ఆ పేర్లు,
తాబేటి మాంసం ఎవరి వంతుది ఎవరు మింగారన్న తగువు,
దగ్గే ముసలామెకి మంట పక్కన చోటిచ్చి
తాను గాలివాటుకి జరిగిన ఎవరో ఒకరు.
ఆ జరగడం ఏ చెంచాకీ దొరకదు.

ఒరాటిలె అనే పిల్లాడు, ముందు రెండు పళ్లు లేవు,
చెయ్యెత్తాడు.
"నిప్పు చెయ్యడం వాళ్లకి రాదన్నారు కదా,
పిడుగు పడ్డచోటి నుంచి తెచ్చుకున్నారేమో అన్నారు కదా.
మరి వానొస్తే?"
ఆరిపోయేది, అంది టీచరు.
"మరి?"
మళ్లీ పిడుగు పడేదాకా చూసేవాళ్లు.
"ఎన్నాళ్లు?"

గబ్బిలం ఒకటి చోటు మార్చుకుంది.
టీచరు గోతిలోకి చూసింది.
నేనూ గోతిలోకే చూశాను.

దికెలెది అల్లికసూదుల్ని జేబులో దోపుకుంది.
"మా అవ్వ అగ్గిపెట్టె కొనేది కాదు.
పొరుగింటి నుంచి నిప్పు తెమ్మని పంపేది.
పగిలిన కుండపెంకులో బూడిద,
బూడిదలో ఒక్క కణిక.
పరుగెత్తితే గాలికి అంటుకుని అయిపోతుంది.
ఆగితే చల్లారిపోతుంది.
ఇదిగో, ఇలా నడవాలి."
నడిచి చూపించింది.
అరవయ్యేళ్ల ఆడమనిషి, మోకాళ్లనొప్పులు,
చేతుల్లో ఏమీ లేదు,
దారాల మధ్య నుంచి
ఒక్క దారమూ కదలకుండా.

పిల్లలు నవ్వారు. ఒరాటిలె నవ్వలేదు.

బయట ఎండ చెంపకి కొట్టింది.
రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని రాశాను.
వచ్చిన పని దగ్గర
కలం కాసేపు ఆగింది.
చూడటానికి, అని రాశాను.

టీచరు ఇరవై లెక్కపెట్టాక
ఒరాటిలె గుప్పిళ్లు కనబడ్డాయి.
ఒకదాని మీద ఒకటి, గట్టిగా మూసి.
"ఏం దొంగిలించావు? రాయా? ఎముకా?
బోర్డు చదవలేదూ?"
వేళ్లు ఒక్కొక్కటే విప్పదీసింది.

ఏమీ లేదు.
చెమట, కాస్త ఎర్రమట్టి.

వాడు అరచేతుల్ని చూసుకున్నాడు.
"ఆర్పేశారు టీచర్."

బస్సు హారన్ మోగింది.
దికెలెది అంటే వాళ్ల మాటలో కన్నీళ్లట,
ఆమె పుట్టిన వారం ఇంట్లో ఎవరో పోయారట,
ఇందాకే నవ్వుతూ చెప్పింది.
ఇప్పుడు నవ్వడం లేదు.
తాళం వేస్తున్నదల్లా సగంలో వదిలేసి
మోకాళ్లు పట్టుకుని
మెల్లగా వాడి ముందు కూచుంది.

"నిప్పు అంత తొందరగా పోదు.
నివురు కప్పుకుని ఉంటుంది.
ఊది చూడు."