పాత గోడ ఉన్నచోట

లింకన్‌షైర్‌లో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద
వేసిన రేస్ ట్రాక్ మాది.
మూడో మలుపు దగ్గర కంకర సమం చేయడం నా పని.

బఠాణీ గింజంత రాయి. గుండ్రంగా ఉండాలి.
పలకరాయైతే చక్రం పైపైన జారిపోతుంది,
గుండ్రాయైతే కూరుకుపోతుంది.
లోతు జానెడు మీద నాలుగు వేళ్ళు.
కొలబద్ద ఇచ్చారు గానీ నేను చేత్తోనే కొలుస్తాను.

పోయిన చలికాలం దాకా
టైర్ల గోడ మలుపుకి మరీ దగ్గర,
ఇరుకు వంటగదిలో అల్మరా మూలలా.
థర్ల్‌బీ దుంపల చేనులో మూడెకరాలు కొని
నలభై మీటర్లు వెనక్కి జరిపారు.
తారు పోద్దామన్నారు కొందరు.
తారు మీద తప్పు చేసినవాడే ముందుకొస్తాడన్నారు ఇంకొందరు.
నాలుగు మీటింగులు, నాలుగుసార్లూ చల్లారిన టీ.
చివరికి రాయే గెలిచింది.

ఎనిడ్ స్కెల్టన్ ఏమీ అనలేదు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ మలుపులో పసుపు జెండా ఆమెది.
గోడతోపాటు ఆమె నిలబడే చోటూ జరిగింది.
"ఇక మొహాలు కనబడవు" అంది ఒకసారి.
హెల్మెట్లలో మొహాలేమిటని నవ్వాను.
ఆమె నవ్వలేదు.
పాత గోడ దగ్గర ఎవరి చెయ్యి పట్టుకుని
అంబులెన్స్ కోసం చూసిందో
తర్వాత ఎవరో చెప్పారు నాకు.

ఆదివారం. జల్లు.
నీలం కారు బ్రేకు ఆలస్యంగా వేసింది.
తెల్లగీత దాటింది, పచ్చిక దాటింది,
రాళ్ళు తలకిందుల వడగళ్ళై పైకి లేచాయి,
పాత గోడ ఉన్నచోటుని
గాలిని దాటినట్టు దాటింది.
సరిగ్గా అక్కడ ఎనిడ్ కళ్ళు మూసుకుంది.
జెండా మాత్రం ఊగుతూనే ఉంది.

ఇరుసుల దాకా రాళ్ళలో ఆగింది కారు.
కుర్రాడు దిగాడు, చక్రాన్ని తన్నాడు,
ఈ దిక్కుమాలిన రాళ్ళే లేకపోతేనా అని
పార పట్టుకున్న నన్ను తిట్టాడు.
తిట్టనీ.
తిట్టడానికి ఊపిరి కావాలి.

ట్రాక్టరు వచ్చేలోపు ఎనిడ్
కారు ముక్కు నుంచి కొత్త గోడ దాకా
అడుగులు లెక్కపెట్టింది.
పదిహేను.
మళ్ళీ లెక్కపెట్టింది.

మా భాషలో తప్పు, తప్పుకోవడం, తప్పించుకోవడం
పక్కపక్కనే ఉంటాయని చెప్పబోయాను.
ఇంగ్లీషు సరిపోలేదు.
ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాను.

సాయంత్రం చక్రాల చాళ్ళు పూడ్చాను,
ఎవరూ ఇక్కడికి రానట్టుగా.
కంకర అంచున, చేను సంగతి మరిచిపోని దుంప ఒకటి
రెండాకులు చాపి కనబడింది.
పీకేయాలి, రూలు.
రేపు పీకుతాను.