వాల్ట్‌ని అడగండి

ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతున్న జనవరిలో
నా కుర్చీలో ఎలా కూర్చోవాలో
ఇంకొకరికి నేర్పమన్నారు.
ఆరు వారాలు.
బాగా నేర్పితే పోతూ పోతూ ఎనిమిది నెలల జీతం,
లేకపోతే వట్టి చెయ్యి.

ఇరవై ఆరేళ్లుగా బీమా లెక్కలు నావి.
ఎవరి ఇల్లు కాలినా, ఎవరి కారు మంచులో జారినా
చెక్కు నా ప్రోగ్రాం గుండానే పోవాలి.
అందులో నాలుగు వేల నాలుగు వందల పదిహేడో వరస పక్కన
ఒక మాట రాసి ఉంటుంది:
"ముట్టుకోవద్దు. వాల్ట్‌ని అడగండి."
వాల్ట్ పోయి తొమ్మిదేళ్లు.
అడగడానికి మిగిలింది నేనే.

తెర మీద జోవెలిన్ అబతాయో, సెబూ నుంచి,
ఒంటిమీద స్వెట్టరు. ఏసీ చలట, బయట ఉడికిపోతోందట.
నాకు మధ్యాహ్నం మూడయ్యేసరికి
ఆమె వెనక ఎక్కడో కోడి కూసింది.
ఇద్దరం ఒకేసారి నవ్వాం.
అలా నవ్వినందుకు
రోజంతా నా మీద నాకే మంట.

పిల్ల చురుకు. అడిగింది రెండోసారి అడగదు.
ఐదో రోజుకే నా పాత తప్పొకటి పట్టుకుని
"ఇది కావాలనే ఇలా ఉందా మేడమ్?" అంది.
కావాలనే, అన్నాను.
ఆ రాత్రి కూర్చుని దిద్దాను.

జీతమెంతని అడగకూడదు. అడిగాను.
నా ఇంటి వాయిదాకి కూడా చాలదది.
ఆ డబ్బుతోనే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
తలుపున్న గదిలో పడుకుంటోందట.
"లోపల గడియ కూడా ఉంది మేడమ్. గడియ."

ఇప్పుడు ఎవర్ని తిట్టను?

మీటింగులో గ్రెగ్ హాల్‌స్టెడ్ ఒక గీత చూపించాడు,
చీమలా పైకి పాకుతోంది.
నా పింఛను నిధిలోనూ ఈ కంపెనీ వాటాలే.
నన్ను తీసేసిన వార్తకి
నేను నలభై డాలర్లు బాగుపడ్డాను.

మా అమ్మ బొమ్మల కార్ఖానాలో
బుల్లి రైలింజన్లకి ఎర్రరంగు వేసేది.
అది సరిహద్దు దాటి పోయిన రోజు
నాన్న భోజనాల బల్ల మీద పిడికిలితో గుద్దాడు.
ఆ క్రిస్మస్‌కే, చవగ్గా వచ్చిందని పెద్ద టీవీ తెచ్చాడు.
డబ్బా మీద ఏ ఊరి పేరుందో
మేమెవరం చదవలేదు.

అలాగని లెక్క సరిపోయిందని కాదు.
మా ఆఫీసు కింద సూప్ అమ్మే థెక్లా
అద్దె కట్టలేక తాళం పెట్టింది,
ఆమె ఏ గీతలోనూ లేదు.
రస్టీ అరవై ఏళ్ల మోకాళ్లతో గోదాములో పెట్టెలు మోస్తున్నాడు.
కొత్త విద్య నేర్చుకోండంటూ కరపత్రాలు పంచారు.
బొమ్మలో నవ్వుతున్నవాళ్లకి పాతికేళ్లు దాటవు.

అన్నీ నేర్పాను. ఆ ఒక్క వరస తప్ప.
నాలుగేళ్లకోసారి ఫిబ్రవరికి వచ్చే అదనపు రోజుని
గుర్తుపెట్టుకునేది అదొక్కటే.
కక్ష కాదు, నాదంటూ ఒకటి ఉండాలనుకున్నాను.
(కక్షే.)

ఇరవై ఎనిమిదో తేదీ రాత్రి కంటిమీద కునుకు లేదు.
ఎవరిదో కాలిన ఇల్లు, ఏదో మోటెల్లో పిల్లలు,
రావలసిన చెక్కు రాక.
పదకొండున్నరకి ఫోన్ చేశాను.
అక్కడ పట్టపగలు, రాత్రి పనివాళ్లు నిద్రపోయే వేళ.
గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"సోమవారమే చూశాను మేడమ్, సరిచేశాను."
మరి అడగలేదేం?
"మీరే చెబుతారేమోనని ఆగాను."
వాల్ట్ మాట తీసేశావా?
"లేదు. కింద ఇంకో పేరు చేర్చాను."
ఎవరి పేరని నేనడగలేదు.

మొన్న ఆమె దగ్గర్నుంచి ఉత్తరం.
సెబూ ఆఫీసూ ఎత్తేస్తున్నారట,
ఇంకా చవకైన చోటు దొరికిందట.
ఆమెకీ ఆరు వారాలే ఇచ్చారు.
చివర్లో ఒక్క ప్రశ్న:
"నేర్పేటప్పుడు ఏది దాచుకోవాలి మేడమ్?"